డబ్బా మీద నంబరు ఒక్కటే చాలదు: కారు ఈసీఎంను గుర్తుపట్టడం ఎలా

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బావగారి డీజిల్ కారు సీట్ల దాకా నీళ్లలో నిలబడిపోయింది. నీళ్లు తగ్గాక లాక్కెళ్లి మెకానిక్‌కు అప్పగించారు. ఆయిల్ మార్చారు, సీట్లు విప్పి ఎండబెట్టారు, వైరింగ్ సాకెట్లు ఒక్కొక్కటీ ఊడదీసి తుడిచారు. స్కానర్ పెడితే మాత్రం ఇంజిన్ కంప్యూటర్ పలకలేదు. "ఈసీఎం పోయింది సార్, కొత్తది చాలా రేటు, సెకండ్ హ్యాండ్ చూద్దాం" అన్నారు. కొన్నాళ్లకు ఒక డబ్బా దొరికింది. అదే మోడల్ కారులోంచి తీసింది. పైన నంబరు కూడా మాదే, చివరి అక్షరం ఒక్కటే తేడా. "ఆ అక్షరం పట్టించుకోనక్కర్లేదు" అన్నాడు అమ్మినాయన. బిగించి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. బావగారి ముఖంలోకి నవ్వు వచ్చేలోపే ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ రెండు సెకన్లే.

ఆ రెండు సెకన్ల సంగతి తేల్చుకోవడానికి నేను చాలా రోజులు కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది, మేం మొదటి అడుగులోనే తప్పాం. ఈసీఎంను ఒక ఫిల్టర్‌లాగో బేరింగ్‌లాగో ఒక పార్ట్ నంబరు ఉన్న వస్తువు అనుకున్నాం. నిజానికి ఆ డబ్బాకు ఒక గుర్తింపు కాదు, కనీసం నాలుగు ఉంటాయి. దాని ఒళ్లు ఏది, అందులో రాసి ఉన్న ప్రోగ్రామ్ ఏది, అది ఏ కారుకు కట్టుబడి ఉంది, ఆ కారులో ఏ ఏ పరికరాలు ఉన్నాయని అది నమ్ముతోంది. ఈ నాలుగూ కలిస్తేనే బండి బండిలా నడుస్తుంది.

ముందు పేర్ల గొడవ తీర్చుకుందాం. ఈసీఎం అంటే ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్. గాలి ఎంత వస్తోంది, కూలెంట్ ఎంత వేడెక్కింది, క్రాంక్ షాఫ్ట్ ఏ కోణంలో ఉంది, మన కాలు యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కింది అని సెన్సార్ల నుంచి తెలుసుకుని, ఎంత ఇంధనం ఏ క్షణంలో చిమ్మాలో నిర్ణయించేది ఇదే. గ్యారేజీల్లో దీన్నే ఈసీయూ అనీ అంటారు. కానీ ఈసీయూ అన్న మాట కారులో ఉన్న ఏ కంప్యూటర్‌కైనా వర్తిస్తుంది. ఏబీఎస్‌కు ఒకటి, ఎయిర్‌బ్యాగ్‌కు ఒకటి, గేర్‌బాక్స్‌కు ఒకటి, లైట్లూ తాళాలూ చూసే బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఒకటి ఉంటాయి. ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ ఒకే డబ్బా చూస్తే దాన్ని పీసీఎం అంటారు. బీఎండబ్ల్యూ వాళ్లు డీఎంఈ అంటారు. అందుకే ఫోన్‌లో "ఈసీయూ ఉందా అన్నా?" అని అడిగితే అవతలివాళ్లు ఏది పంపుతారో చెప్పలేం.

మన దేశంలో కార్బురేటర్ కార్లే రాజ్యమేలిన కాలంలో ఈ తలనొప్పి లేదు. 1998లో హ్యుందాయ్ శాంత్రో ఎంపీఎఫ్ఐతో, అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఇంధనం చిమ్మే ఏర్పాటుతో వచ్చింది. 2000 నాటికి మారుతి 800 కూడా అదే దారి పట్టింది. అప్పటి ఈసీఎం కాస్త సాదాసీదా మనిషి. దాన్ని తీసి దీనికి పెట్టినా సర్దుకున్న సందర్భాలు ఉన్నాయి. ఇవాళ్టికీ చాలామంది పాత మెకానిక్‌లు "నంబరు కలిస్తే చాలు" అనడం వెనక ఉన్నది ఆ రోజుల అనుభవమే. అది అబద్ధం కాదు, కాలం మారింది అంతే.

డబ్బా మీద ఏముంటుంది

అల్యూమినియం డబ్బా మీద అతికించిన లేబుల్‌పై సాధారణంగా రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి కారు కంపెనీ ఇచ్చింది, రెండోది డబ్బా తయారు చేసిన కంపెనీ ఇచ్చింది. కారు కంపెనీలు చాలావరకు ఈసీఎంలను సొంతంగా తయారు చేయవు. బాష్, డెన్సో, కాంటినెంటల్, డెల్ఫీ, మాగ్నెటీ మరెల్లీ లాంటి సంస్థల దగ్గర చేయించుకుంటూ వచ్చాయి.

బాష్ డబ్బా అయితే నంబరు మొదలే చాలా చెబుతుంది. 0 281తో మొదలైతే డీజిల్, 0 261తో మొదలైతే పెట్రోల్. కారు కంపెనీల నంబర్లకూ ఇలాంటి పద్ధతే ఉంది. సుజుకి ఈసీఎం 33920తో, టయోటాది 89661తో, హోండాది 37820తో, నిస్సాన్‌ది 23710తో మొదలవుతాయి. ఆ మొదటి ఐదు అంకెలు "ఇది ఇంజిన్ కంప్యూటర్" అని మాత్రమే చెబుతాయి. ఏ కారు, ఏ ఇంజిన్, ఏ రకం అన్నదంతా వెనక వచ్చే అంకెల్లో, అక్షరాల్లో ఉంటుంది. తోకను వదిలేస్తే అసలు సంగతి వదిలేసినట్టే.

ఈ తోక సంగతి బాగా తెలియాలంటే వోక్స్‌వాగన్ గ్రూపు నంబర్లు చూడాలి. స్కోడా, ఆడి కూడా ఆ పద్ధతిలోనే నడుస్తాయి. 03ఎల్ 906 022 అన్న నంబరు తీసుకుందాం. మొదటి ముక్క 03ఎల్ అంటే 1.6, 2.0 లీటర్ల కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ల కుటుంబం. దానికి ముందు వచ్చిన 1.9 లీటర్ల టీడీఐ కుటుంబానికి 038 ఉండేది. నడుమ ఉన్న 906 ఇంజిన్ ఎలక్ట్రానిక్స్ విభాగం. 022 ఆ విభాగంలో ఈసీఎంకు ఇచ్చిన సంఖ్యల్లో ఒకటి. ఆ తర్వాత ఒకటో రెండో అక్షరాలు వస్తాయి. మా అమ్మకందారు కొట్టిపారేసింది ఆ అక్షరాలనే. 140 హార్స్‌పవర్ ఇంజినా, 110దా, గేర్‌బాక్స్ మాన్యువలా ఆటోమేటిక్కా, ఏ ఉద్గార ప్రమాణానికి చేశారు లాంటి తేడాలు అక్కడే దాగుంటాయి. కొన్ని అక్షరాలు పాత డబ్బాకు బదులుగా వచ్చిన కొత్త డబ్బావి కావచ్చు, అవి సరిపోతాయి. కొన్ని పూర్తిగా వేరే బండివి. ఏది ఏదో కంపెనీ పార్ట్ కేటలాగ్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూస్తేనే తెలుస్తుంది, ఊహించకూడదు.

ఇంకో మాట. లేబుల్ అనేది కాగితం ముక్క. సెకండ్ హ్యాండ్ డబ్బాల మూతలు మారిపోవడం, లేబుల్ వేరే డబ్బాకు అతుక్కోవడం జరుగుతుంటాయి. కావాలని చేసినా, రిపేరు బల్ల మీద పొరపాటున జరిగినా నష్టం ఒకటే. అందుకే లేబుల్‌ను నేను పరిచయ పత్రంగా చూస్తాను, సాక్ష్యంగా కాదు.

డబ్బా తన నోటితో ఏం చెబుతుంది

సాక్ష్యం కావాలంటే డబ్బానే అడగాలి. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి, మన దగ్గర 2013 నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అందులో 16వ పిన్ను బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులు ఎర్త్, 6, 14 పిన్నులు క్యాన్ అనే సమాచార వైర్లు. ఆ వైర్ల మీద స్కానర్ 7ఈ0 అనే చిరునామాకు ప్రశ్న పంపితే, ఇంజిన్ కంప్యూటర్ 7ఈ8 చిరునామా నుంచి జవాబిస్తుంది.

ప్రతి కంపెనీ కారుకూ వర్తించే ఒక ఉమ్మడి ప్రశ్న ఉంది, దాన్ని మోడ్ 09 అంటారు. చవక బ్లూటూత్ డాంగిల్, ఫోన్‌లో ఒక యాప్ ఉన్నా అడగొచ్చు. అది కారు 17 అక్షరాల వీఐఎన్ నంబరు (ఆర్‌సీలో ఛాసిస్ నంబరుగా కనిపించేది), కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ అనే ఎనిమిది అక్షరాల సంఖ్య ఇస్తుంది. కాలిబ్రేషన్ ఐడీ అంటే లోపల ఉన్న ప్రోగ్రామ్ పేరు. సీవీఎన్ అంటే ఆ ప్రోగ్రామ్ మొత్తాన్ని లెక్కగట్టి తేల్చిన మొత్తం. లోపల ఒక్క అంకె మారినా సీవీఎన్ మారాలి. పేరు మార్చకుండా లోపలి సరుకు మార్చినవాళ్లను పట్టించేది ఈ సీవీఎన్.

కంపెనీ స్థాయి స్కానర్ అయితే ఇంకా లోతుకు వెళ్తుంది. ఐఎస్‌ఓ 14229 అనే ప్రమాణం ప్రకారం ఒక్కో వివరానికి ఒక్కో చిరునామా ఉంది. ఎఫ్190లో వీఐఎన్, ఎఫ్187లో స్పేర్ పార్ట్ నంబరు, ఎఫ్191లో హార్డ్‌వేర్ నంబరు, ఎఫ్189లో సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎఫ్18సీలో డబ్బా సీరియల్ నంబరు. గమనించండి, హార్డ్‌వేర్‌కు వేరే నంబరు, సాఫ్ట్‌వేర్‌కు వేరే నంబరు. బయట లేబుల్ మీద ఒకటే కనిపిస్తుంది. కంపెనీ సర్వీసులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ఉంటే లోపలి నంబరు మారిపోతుంది, లేబుల్ మాత్రం పుట్టిన రోజున అతికించినట్టే ఉంటుంది.

ఒళ్లూ ప్రోగ్రామూ వేరు వేరు అన్న ఈ సంగతి ఎంత పెద్దదో ప్రపంచానికి 2015 సెప్టెంబరు 18న తెలిసింది. ఆ రోజు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, వోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో మోసపు ప్రోగ్రామ్ ఉందని నోటీసు ఇచ్చింది. స్టీరింగ్ ఎటు తిరిగి ఉంది, వేగం ఎంత, ఇంజిన్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, గాలి పీడనం ఎంత అన్నవి చూసి, "ఇప్పుడు నన్ను పరీక్షిస్తున్నారు" అని ఈసీఎం పసిగట్టేది. పరీక్షలో ఉన్నంతసేపు పొగను అదుపులో పెట్టేది, రోడ్డెక్కాక వదిలేసేది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు కోటీ పది లక్షల కార్లలో ఇలాంటి ప్రోగ్రామ్ ఉందని కంపెనీ ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో మన దేశంలో 3,23,700 కార్లను వెనక్కి పిలుస్తామని ప్రకటించింది.

ఆ కార్ల బానెట్ తెరిచి చూసిన మనిషికి ఏ తేడా కనిపించేది కాదు. తప్పంతా డబ్బాలో రాసిన రాతలో ఉంది. సరిదిద్దడం కూడా అలాగే జరిగింది. యూరప్‌లో 1.2, 2.0 లీటర్ల ఇంజిన్లకు ప్రోగ్రామ్ మార్చడమే మందు. 1.6కు మాత్రం గాలి సెన్సార్ ముందు చిన్న జాలీ లాంటి ముక్క కూడా బిగించారు. అంటే అదే డబ్బా, అదే లేబుల్, మార్చకముందు ఒక మనిషి, మార్చాక ఇంకో మనిషి. ఆ కాలపు డీజిల్ కారు ఈసీఎం సెకండ్ హ్యాండ్‌లో కొంటే, లోపల ఉన్నది ఏ ప్రోగ్రామో లేబుల్ చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా సూటిగా తగులుతుంది. 2021 జూలై 19 నుంచి అక్కడ స్మాగ్ చెక్ అనే పొగ పరీక్షలో కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ కూడా చూస్తున్నారు. అనుమతి లేని రీమ్యాప్ (ప్రోగ్రామ్ మార్పు) ఉంటే పొగ సరిగానే ఉన్నా బండి ఫెయిల్. మొదటి ఓనర్ ఎప్పుడో పికప్ కోసం ప్రోగ్రామ్ మార్పించి ఉంటే, రెండో ఓనర్‌కు ఆ విషయం స్మాగ్ సెంటర్‌లోనే తెలియొచ్చు. అక్కడ పాత కారు కొనే ముందు ఈ రెండు సంఖ్యలూ చదివించుకోవడం టైర్లు చూసుకోవడం కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

రెండు సెకన్లు ఎందుకు

ఇక మా బావగారి కారు దగ్గరకు వద్దాం. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం పెట్టగానే ఆ చిప్, డ్యాష్‌బోర్డులోని మీటర్ లేదా బాడీ కంప్యూటర్, ఈసీఎం మూడూ రహస్య సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సరిపోతేనే ఈసీఎం ఇంధనం వదులుతుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. కొన్ని కార్లు సంకేతం కలవకపోతే అసలు అందుకోవు. కొన్ని మాత్రం ముందు అందుకుని, సంకేతం కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి ఒకటి రెండు సెకన్లలో ఇంధనం కట్టేస్తాయి. మాకు తగిలింది ఈ రెండో రకం. మేం కొన్న డబ్బా చెడిపోలేదు. తనది కాని ఇంట్లో ఉన్నానని దానికి తెలిసిపోయింది.

దొంగతనాలను ఆపడానికి పుట్టిన ఏర్పాటు ఇది. యూరప్ 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసింది. మొదటి తరం ఇమ్మొబిలైజర్లలో రహస్య పిన్ తెలిస్తే కొత్త డబ్బాను కారుకు అలవాటు చేయగలిగేవారు. తర్వాతి తరాల్లో వోక్స్‌వాగన్ గ్రూపు ఆ రహస్యాన్ని కారులోంచి తీసి, జర్మనీలోని ఫాజిట్ అనే కేంద్ర డేటాబేస్‌కు అప్పగించింది. ఇప్పుడు డీలర్ తన స్కానర్‌ను ఆన్‌లైన్‌లో ఆ డేటాబేస్‌కు కలిపి, ఈ డబ్బా ఈ కారుదే అని రాయించాల్సిందే. మిగతా కంపెనీలూ ఏదో ఒక రూపంలో ఇదే దారిలో ఉన్నాయి. అందుకే ఆర్‌సీ చూపించమని అడిగే మనిషి దగ్గరే ఈ పని చేయించుకోవాలి. ఆర్‌సీ అడగకుండా చేసే చోట మన కారు తాళం రహస్యం కూడా భద్రంగా ఉండదు.

వీఐఎన్ కూడా ఈ మూడో గుర్తింపులోదే. ఛాసిస్ నంబరు అని మనం ఆర్‌సీలో చూసే ఆ 17 అక్షరాల్లో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ ఉండవు, 1, 0 అంకెలతో తికమక పడకుండా. మొదటి మూడు తయారీదారును చెబుతాయి. ఎంఏ3 అంటే మారుతి సుజుకి, ఎంఏటీ అంటే టాటా, ఎంఏఎల్ అంటే హ్యుందాయ్ ఇండియా. ఈసీఎం చెప్పే వీఐఎన్, ముందు అద్దం కింద ఉన్న వీఐఎన్, ఆర్‌సీలోది మూడూ ఒకటే కావాలి. పాత కారు కొనేటప్పుడు ఈసీఎం వేరే వీఐఎన్ చెబితే డబ్బా మారిందని అర్థం. అది నేరం అని కాదు, కానీ ఎందుకు మార్చారో అడగాలి. వరద నీళ్లలో మునిగి వచ్చిన బండిని పట్టించే ఆనవాళ్లలో ఇదొకటి. స్కానర్‌లో పీ0630 అనే ఫాల్ట్ కోడ్ (లోపం ఏమిటో చెప్పే సంకేతం) వస్తే వీఐఎన్ రాయలేదని గానీ కలవలేదని గానీ అర్థం.

ఎవరూ అడగని ప్రశ్న: కారులో ఏమేం ఉన్నాయి

నాలుగో గుర్తింపు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఇంజిన్ అందుకున్నాక పని అయిపోయిందనుకుంటారు. కానీ ఈసీఎంకు తన చుట్టూ ఏ పరికరాలు ఉన్నాయో తెలియాలి. ఏసీ ఉందా, ఉంటే కంప్రెసర్ ఆన్ అయినప్పుడు ఐడిల్ ఎంత పెంచాలి? ఫ్యాన్లు ఒకటా రెండా? గేర్‌బాక్స్ ఆటోమేటిక్ అయితే గేరు మారే క్షణంలో టార్క్ తగ్గించమని అడిగే గొంతు ఒకటి ఉంటుంది, వినాలి. మాన్యువల్ అయితే క్లచ్ పెడల్ స్విచ్ కోసం చూడాలి. బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ ఉంటే చక్రం జారినప్పుడు అది చెప్పే మాట పాటించాలి. లేని పరికరం ఉందనుకుంటే దాని కోసం వెతికి చెక్ లైట్ వేస్తుంది. ఉన్నదాన్ని లేదనుకుంటే ఆ బటన్ మన కారులో అలంకారంగా మిగిలిపోతుంది. దీనికోసమే ఒక ఫాల్ట్ కోడ్ ఉంది, పీ0610. కారులోని పరికరాల పట్టికకూ ఈసీఎం నమ్మకానికీ పొత్తు కుదరలేదని దాని అర్థం.

మనందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ ఒక దశలో మన రోడ్లన్నింటి మీదా ఉండేది. మారుతి స్విఫ్ట్‌లో డీడీఐఎస్ అనే పేరుతో, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో, ఫియట్ పుంటోలో సొంత పేరుతో. ఇంజిన్ ఒకటే కదా, ఈసీఎం మార్చి పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఆ కార్ల తాళాలు వేరు, మీటర్లు వేరు, క్యాన్ వైర్ల మీద అవి మాట్లాడుకునే భాష వేరు. కంపెనీల సంగతి వదిలేసి మారుతిలోనే చూడండి. స్విఫ్ట్‌లో అది 75 హార్స్‌పవర్, మామూలు టర్బో. ఎర్టిగాలో 90 హార్స్‌పవర్, రెక్కల కోణం మార్చుకునే టర్బో. ఆ రెక్కలను కదిలించేది ఈసీఎమ్మే. 2015లో ఎస్‌హెచ్‌వీఎస్ అనే మైల్డ్ హైబ్రిడ్ ఏర్పాటు వచ్చాక అదే ఎర్టిగా డీజిల్‌లో స్టార్టర్‌గా కూడా పనిచేసే జనరేటర్, దానికి తగ్గ బ్యాటరీ చేరాయి. అంటే "ఎర్టిగా డీజిల్ ఈసీఎం" అని అడిగితే అది సగం ప్రశ్నే.

పరికరాల పట్టిక ఎక్కడ దొరుకుతుంది? వోక్స్‌వాగన్ గ్రూపు దీనికి చక్కటి ఏర్పాటు చేసింది. డిక్కీలో స్టెప్నీ గుంత దగ్గర ఒక స్టిక్కర్, దాని నకలు సర్వీస్ బుక్‌లో ఉంటాయి. అందులో వీఐఎన్, ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, రంగు కోడ్, వాటి కింద మూడేసి అక్షరాల పీఆర్ కోడ్‌లు వరసగా ఉంటాయి. ప్రతి కోడ్ ఒక పరికరం గురించి ఉందా లేదా, ఉంటే ఏ రకం అని చెబుతుంది. 1ఏటీ అంటే ఈఎస్‌పీ ఉంది. 7ఎక్స్0 అంటే పార్కింగ్ సెన్సార్లు లేవు, 7ఎక్స్1 అంటే వెనక ఉన్నాయి. 8టీ0 అంటే క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా వేగం నిలిపే ఏర్పాటు) లేదు. ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలో బయటకు వచ్చిందో చెప్పే జాతకం అది. నాకు ఆ స్టిక్కర్ అంటే గౌరవం. సీటు కవర్లు వేసేవాళ్లు, స్పీకర్లు బిగించేవాళ్లు దాన్ని చింపేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. మిగతా కంపెనీల్లో ఇలా కళ్లెదుట కనిపించకపోయినా, వీఐఎన్‌తో డీలర్ కంప్యూటర్‌లో ఇదే పట్టిక తీయొచ్చు.

పరికరాల సంగతి ఈసీఎంకు చెప్పే పనినే కోడింగ్ అంటారు. పాత వోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో క్రూయిజ్ కంట్రోల్ తెరవడానికి స్కానర్‌లో 11463 అని లాగిన్ కొట్టేవారు, మూయడానికి 16167. స్టీరింగ్ దగ్గర మీట బిగించి ఈ అంకె కొడితే చాలు, క్రూయిజ్ పనిచేసేది. ఆ తర్వాతి కార్లలో పొడవాటి కోడ్‌లో ఒక్కో అంకె ఒక్కో పరికరానికి కేటాయించారు. కారులో ఏ ఏ కంప్యూటర్లు ఉన్నాయో గేట్‌వే అనే మాడ్యూల్‌లో ఇంకో పట్టిక ఉంటుంది. కొత్త ఈసీఎం పెట్టినప్పుడు పాతదాని కోడింగ్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని ఇందులో వేయాలి. పాతది పలకని స్థితిలో ఉంటే? అప్పుడే పీఆర్ కోడ్‌ల విలువ తెలిసేది.

డీజిల్ కారులో ఇంకో పట్టిక కూడా ఉంది, దాన్ని మరిచిపోతే బండి నడుస్తుంది గానీ ఐడిల్‌లో వణుకుతుంది, పొగ కక్కుతుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లు ఏ రెండూ అచ్చంగా ఒకేలా చిమ్మవు. ఫ్యాక్టరీలో ఒక్కోదాన్నీ కొలిచి, ఆ కొలతను కోడ్‌గా ఇంజెక్టర్ తల మీదే చెక్కుతారు. ఏ సిలిండర్‌లో ఏ కోడ్ ఇంజెక్టర్ ఉందో ఈసీఎంకు చెప్పాలి. వేరే కారు డబ్బా తెచ్చి పెడితే అది ఆ కారు ఇంజెక్టర్ల లెక్కతోనే మన ఇంజెక్టర్లను నడుపుతుంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో ఎంత మసి పేరుకుందన్న లెక్క కూడా పాత కారుదే ఉంటుంది.

డబ్బా పోయిందని తేల్చే ముందు

ఇవన్నీ అవసరం పడేది డబ్బా నిజంగా పోతేనే. స్కానర్‌లో యూ0100 వస్తే "ఈసీఎంతో మాట కలవడం లేదు" అని మాత్రమే అర్థం, చచ్చిపోయిందని కాదు. ముందు డబ్బాకు కరెంటు వస్తోందా, ఎర్త్ సరిగా ఉందా, ఫ్యూజులు, రిలే బాగున్నాయా చూడాలి. బ్యాటరీ తీసేసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా కార్లలో సుమారు 60 ఓమ్‌లు చూపించాలి. 120 వస్తే ఎక్కడో వైరు తెగి ఉండొచ్చు. సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్. పీ0601, పీ0606 లాంటి కోడ్‌లు డబ్బా తన లోపలి మెమరీ గురించి, ప్రాసెసర్ గురించి తానే చేసే ఫిర్యాదులు, అప్పుడు అనుమానం బలపడుతుంది. వరద నీళ్లలో మునిగిన కారుకైతే తాళం తిప్పి చూడాలన్న ఆత్రం ఆపుకుని ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. తడిసిన బోర్డు కన్నా, తడి మీద కరెంటు పారిన బోర్డు చాలా త్వరగా పాడవుతుంది.

మా విషయంలో మేం అన్నీ తలకిందులుగా చేశాం. చివరికి ఈసీఎంలు రిపేరు చేసే ఒకాయన ఆర్‌సీ చూసి, పాత డబ్బా అడిగి తీసుకున్నారు. విప్పితే బోర్డు ఒక మూల పచ్చటి తుప్పు పట్టి ఉంది. పవర్ సప్లై భాగం పోయింది గానీ మెమరీ చిప్‌కు ఏమీ కాలేదు. "పోయింది ఒళ్లే బావగారూ, జ్ఞాపకం అలాగే ఉంది" అని నేను చెప్తే మా బావగారు "అయితే వేరే ఒళ్లు వెతుకు" అన్నారు. ఈసారి హార్డ్‌వేర్ నంబరు తోకతో సహా కలిసిన డబ్బాను తెచ్చాం. పాతదాని ప్రోగ్రామ్, వీఐఎన్, ఇమ్మొబిలైజర్ రహస్యం, కోడింగ్, ఇంజెక్టర్ల పట్టిక మొత్తం అందులోకి దించారాయన.

బిగించి తాళం తిప్పాం. ఎవరూ మాట్లాడలేదు. రెండు సెకన్లు, మూడు, పది. ఇంజిన్ ఆగలేదు. స్కానర్ పెట్టి మోడ్ 09 అడిగితే ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాలూ అక్షరాలా వచ్చాయి. కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్, హార్డ్‌వేర్ నంబరు, నాలుగు ఇంజెక్టర్ల కోడ్‌లు, కోడింగ్ వరస ఒక కాగితం మీద రాసి ఆర్‌సీ కవరులో పెట్టాను, ఫోన్‌లో ఫొటో కూడా తీశాను. సాయంత్రం గన్నవరం వైపు హైవే ఎక్కాక బావగారు స్టీరింగ్ మీద బటన్ నొక్కారు. మీటర్‌లో క్రూయిజ్ దీపం వెలిగింది. ఆయన కాలు తీసి, నా వైపు చూశారు.